మడ్డిలోని విషానికి వెలుగు విరుగుడు కాగలదా?

ఎండాకాలంలో చెరువు ఎండిన తరువాత అడుగున పేరుకున్న ఒండ్రు మట్టిని బండ్లతోను, ట్రాక్టర్లతోను తోలుకొని పొలాలకు చల్లుకోవడం సరిహద్దు పల్లెలలో తరతరాల ఆచారం. హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు ప్రాంతాలలోను, ఎల్లకు అవతల బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు తాలూకాలలోని తెలుగు ఊళ్ళలోను చెరువు మట్టిని ఎరువుతో సమానంగానే చూస్తారు. ఆ నమ్మకంలో తప్పు లేదు. అయితే దాని వెనుక ఒక షరతు ఉన్నది. చెరువులోకి వచ్చేది వాన నీరే అయి ఉండాలి. కొండల మీదనుంచి, బీళ్ళ మీదనుంచి కొట్టుకొని వచ్చిన ఆకు, పేడ, సన్నమట్టి మాత్రమే అడుగుకు చేరాలి.

ఈ షరతు ఇప్పుడు అన్ని చోట్లా నిలవడం లేదు. 2018 జూన్‌లో బెంగళూరు నగరపు మురుగు నీరు, శుద్ధి అయిన తరువాత, గొట్టాల ద్వారా కోలారు జిల్లాలోని లక్ష్మీసాగరం చెరువుకు చేరింది. కోరమంగల-చల్లఘట్ట లోయ నుండి రోజుకు 44 కోట్ల లీటర్ల నీటిని ఎత్తిపోసి 126 చెరువులను నింపాలన్నది ఆ పథకం. కరవుతో అలమటించే కోలారుకు అది పెన్నిధిగా కనిపించింది. కాని మరుసటి నెలలోనే లక్ష్మీసాగరంలో తెల్లని నురుగు తేలింది. కర్ణాటక హైకోర్టు నీటి సరఫరాను నిలిపివేసి, తరువాత షరతులతో అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ నిలిపివేసి, అదే సంవత్సరంలో దారి విడిచింది. హెబ్బాళ-నాగవార లోయ నీరు కూడా ఇదే విధంగా చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు మళ్ళింది.

ఈ నీటివలన బోర్లలో నీటిమట్టం పెరిగిందని సంతోషించే రైతులు ఉన్నారు. నీటిని మూడవ దశ వరకు శుద్ధి చేయకుండా పంపడం తగదని పోరాడుతున్న రైతులూ ఉన్నారు. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. వారి వాదాలలో ఎక్కువగా వినిపించేది నీటి సంగతి. నీటి అడుగున చేరే మడ్డి సంగతి అంతగా వినిపించదు. నిజానికి విషాలలో మొండివి నీటిలో కంటె మడ్డిలోనే ఎక్కువగా నిలిచి ఉంటాయి.

ఆ మొండి విషాలను వెలుతురు సాయంతో విరగ్గొట్టవచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ రంగంలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ చేసిన కృషికి ప్రపంచంలో గుర్తింపు ఉన్నది. ఆ పద్ధతి ఏమిటి, దానివల్ల అయ్యేదేమిటి, కానిదేమిటి అన్నది చెరువు మట్టి తోలుకొనే కుటుంబాలకు తెలిసి ఉండవలసిన విషయం.

విషం మడ్డికి ఎట్లా చేరుతుంది?

బెంగళూరు నగరం ఒక ఎత్తైన గట్టు మీద ఉన్నది. అక్కడ పడిన నీరు, వాడి వదిలిన నీరు పలు దిక్కులకు జారుతుంది. పడమటి వైపు మురుగు వృషభావతిలో కలిసి, బైరమంగల చెరువు మీదుగా అర్కావతికి, అక్కడినుండి కావేరికి పోతుంది. పీణ్య పారిశ్రామికవాడలోని మురుగులో పెద్దభాగం ఈ దారి పట్టినదే. తూర్పు, ఆగ్నేయ దిక్కుల మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. ఆ జలాశయం నుండి నురుగు పొంగి పొర్లడం హోసూరు ప్రాంతపు తెలుగు రైతులకు కొత్త కాదు. బెళ్ళందూరు చెరువయితే 2015లోను, 2017లోను, 2018లోను నిప్పు అంటుకొని దేశమంతటా వార్తలకెక్కింది. నీళ్ళు మండడం పురాణాలలో బడబాగ్నిగా విన్నదే గాని కన్నది లేదు; ఆ ముచ్చట కూడా తీరింది.

నగరపు మురుగు శుద్ధి కేంద్రాలలో ప్రధానంగా పనిచేసేది సూక్ష్మజీవులు. గాలి కొట్టిన తొట్లలో అవి మలమూత్రాలను, వంటింటి వ్యర్థాలను తిని పెరుగుతాయి. తిని బలిసిన ఆ జీవుల గుంపులు అడుగుకు దిగి మడ్డి అవుతాయి. పైన తేరుకున్న నీరు బయటకు పోతుంది. ఇంటి మురుగు వరకు ఈ ఏర్పాటు చక్కనిదే. ఆ మడ్డి ఎండబెట్టితే మంచి ఎరువు కూడా. బెంగళూరు చుట్టుపక్కల రైతులు దానిని కొని పొలాలకు వేసుకోవడం చాలాకాలంగా ఉన్నది.

చిక్కు వచ్చేది ఇంటి మురుగులో కర్మాగారపు మురుగు కలిసినప్పుడు. అద్దకాల షెడ్లు, మందుల తయారీ, పెయింట్లు, నూనె పట్టిన యంత్రాల కడుగులు, లోహపు పూత పనులు మొదలైన వాటినుండి వచ్చే నీటిలో సూక్ష్మజీవులకు జీర్ణం కాని పదార్థాలు ఉంటాయి. రంగులు, ఫినాలు, క్లోరిన్ చేరిన ఫినాలు, తారులో ఉండే బహుచక్ర సమ్మేళనాలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలలోని పి.సి.బి.లు అటువంటివి. వీటన్నిటిని రసాయన శాస్త్రం కర్బన సమ్మేళనాలని పిలుస్తుంది. ఇంగ్లీషులో 'ఆర్గానిక్' అన్న మాట ఎరువుల సంచుల మీద కనిపిస్తుంది కాబట్టి ఇవి కూడా ఏదో మేలైనవని పొరబడరాదు. ఇక్కడ ఆ మాటకు కర్బనపు గొలుసులు, చక్రాలు కలిగినవి అని మాత్రమే అర్థం.

ఈ పదార్థాలలో చాలావాటికి నీరంటే పడదు. నూనెకు, జిడ్డుకు, బురద రేణువులకు అంటుకుంటాయి. అందువల్ల శుద్ధి కేంద్రం చివర సీసాలో పట్టి చూపించే నీరు తేటగానే ఉంటుంది. విషం మాత్రం మాయం కాలేదు. నీటిని వదలి మడ్డిలోకి కాపురం మార్చుకున్నది. కర్మాగారాలు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకొన్నా ఇదే జరుగుతుంది. సున్నం, పటిక వేసి విరగ్గొట్టితే రంగు, జిడ్డు, లోహాలు అన్నీ కలసి ముద్దగా అడుగుకు దిగుతాయి. అచ్చులో పెట్టి పిండి ఎండబెట్టిన ఆ ముద్దనే పరిశ్రమలవారు స్లడ్జ్ అంటారు.

సూక్ష్మజీవులు ఎందుకు ఓడిపోతాయో తెలియడానికి తెలుగునాట ఒక ఉదాహరణ ఉన్నది. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. సూక్ష్మజీవులను చంపడానికే తయారైన మందు సూక్ష్మజీవుల తొట్టిలోకి వస్తే అవి దానిని తింటాయని ఆశించడం ఎలుకలను పిల్లికి కాపలా పెట్టడం వంటిది.

గోడసున్నపు తెలుపులో దాగిన శక్తి

1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింత గమనించి ప్రకటించారు. టైటానియం డయాక్సైడు పలకను నీటిలో ఉంచి వెలుతురు ప్రసరింపజేస్తే నీరు విడిపోయి వాయువులుగా మారింది. టైటానియం డయాక్సైడు అపురూప వస్తువేమీ కాదు. ఇంటి గోడల పెయింట్లకు, ముఖానికి పూసుకొనే పౌడర్లకు, పళ్ళపొడి పేస్టులకు తెలుపునిచ్చే పొడి అదే. దానికి మూలమైన ఇల్మనైటు భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలోను, కేరళలోని చవర ఇసుకలోను దొరుకుతుంది. 1976లో కెనడా శాస్త్రజ్ఞులు ఇదే పొడిని నీటిలో కలిపి వెలుగులో ఉంచి పి.సి.బి.ల వంటి మొండి విషాల నుండి క్లోరిన్‌ను విడదీయగలిగారు. కాంతి ఉత్ప్రేరణ అనే పద్ధతి కాలుష్య నివారణలో అడుగుపెట్టింది అప్పుడే.

ఉత్ప్రేరకం అంటే తాను ఖర్చు కాకుండా ఇతరుల పని జరిపించేది. పాలు తోడుకోవడానికి వేసే చేమిరితో పోల్చుదామంటే సరిగ్గా అతకదు, ఎందుకంటే చేమిరి పెరిగి పెరుగైపోతుంది. పెళ్ళిళ్ళ పేరయ్య నయం. సంబంధం కుదిర్చి, మర్నాడు మరొక ఇంటికి పోయేందుకు మళ్ళీ సిద్ధంగా ఉంటాడు.

ఈ తెల్లని పొడి రేణువు మీద తగినంత శక్తిగల వెలుతురు పడినప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాను తన చోటు విడిచి పై మెట్టుకు ఎగురుతుంది. అది విడిచిన చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి ఎలక్ట్రాను కావాలన్న ఆత్రం చెప్పరానిది. రేణువును అంటుకొని ఉన్న నీటి నుండి లాగేసుకుంటుంది. ఎలక్ట్రాను పోగొట్టుకొన్న నీరు హైడ్రాక్సిల్ రాడికల్ అనే రూపం ధరిస్తుంది. ఎగిరిన ఎలక్ట్రాను నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పట్టుకొని దానిని కూడా చురుకైన రూపంలోకి మారుస్తుంది.

హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు కన్ను మూసి తెరిచేటంతసేపు కూడా కాదు, సెకనులో వందకోట్ల వంతుల లెక్కలో ఉంటుంది. కాని బలంలో క్లోరిన్‌ను, ఓజోన్‌ను మించినది. దగ్గరలో ఏ కర్బన సమ్మేళనం కనిపించినా దాని మీద విరుచుకు పడుతుంది. సూక్ష్మజీవులు కొరకలేని బెంజీను చక్రాన్ని కూడా తెరుస్తుంది. తెరిచిన చక్రం చిన్న చిన్న ఆమ్లాలుగా, చివరకు బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను మారుతుంది. విషంలోని క్లోరిన్ ఉప్పులో ఉండే క్లోరైడు అవుతుంది. ఇక్కడ విషం చోటు మారదు, రూపుమాసిపోతుంది. వడగట్టడం, అడుగుకు దించడం, బొగ్గుకు పట్టించడం మొదలైన పద్ధతులన్నిటికి దీనికి ఉన్న తేడా ఇదే.

ఇంత సులువైతే బెంగళూరు కాలువలన్నిటిలోను తెల్ల పొడి చల్లి ఎండలో వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కులు రెండు. ఎగిరిన ఎలక్ట్రాను చాలామట్టుకు బయటి పని ఏదీ చేయకుండానే తిరిగి తన ఖాళీలోకి పడిపోతుంది. వెలుతురు వృథా అవుతుంది. రెండవది, ఈ పొడిని లేపగల వెలుతురు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు మాత్రమే. మామూలు టైటానియం డయాక్సైడుకు 388 నానోమీటర్ల కంటె పొట్టి తరంగాలు కావాలి. నూరు పాళ్ళ ఎండలో అటువంటివి నాలుగైదు పాళ్ళకు మించవు.

భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞుల కృషి ఈ చోటనే అక్కరకు వచ్చింది. ఆ సంస్థలో కె.సి. పాటిల్ 1980 దశకంలో దహన పద్ధతి అనే ఒక తయారీ విధానాన్ని రూపొందించారు. లోహపు నైట్రేటును, గ్లైసిన్ లేదా యూరియా వంటి ఇంధనాన్ని కొద్ది నీటిలో కరిగించి వేడి కొలిమిలో ఉంచుతారు. నీరు ఆవిరై, మిశ్రమం దీపావళి చిచ్చుబుడ్డి మాదిరి ఒక్కసారిగా భగ్గుమంటుంది. వెలువడిన వాయువుల పొంగుకు లోపలి పదార్థం పేలాల వలె విచ్చుకొని అతి సన్నని పొడిగా మిగులుతుంది. అదే సంస్థకు చెందిన ఎం.ఎస్. హెగ్డే, గిరిధర్ మద్రాస్ బృందం ఈ పద్ధతితో టైటానియం డయాక్సైడును తయారుచేసి 2004లో తమ ఫలితాలను ప్రకటించింది. రేణువు కొలత 8 నుండి 10 నానోమీటర్లు. ఒక గ్రాము పొడిలోని రేణువుల ఉపరితలం అంతా పరిస్తే 200 చదరపు మీటర్లకు పైగా వస్తుంది. ప్రపంచమంతటా ప్రమాణంగా వాడే జర్మనీ పొడికి అది 50 చదరపు మీటర్ల దాకా మాత్రమే. ఉపరితలం పెరిగితే విషం వచ్చి అంటుకొనే చోటు పెరుగుతుంది.

మిథిలీన్ బ్లూ, కాంగో రెడ్, ఆరెంజ్ జి మొదలైన అద్దకపు రంగుల మీద, ఫినాలు మీద బెంగళూరు పొడి ఆ జర్మనీ పొడి కంటె వేగంగా పనిచేసింది. దీపాల కింద మాత్రమే కాదు, బెంగళూరు ఎండలో కూడా ఆ పరీక్షలు జరిగాయి. కనిపించే వెలుతురులో కొంత భాగాన్ని కూడా ఈ పొడి పీల్చుకోగలగడం దీనికి ఒక కారణమని తేలింది. బెంగళూరు విశ్వవిద్యాలయపు సెంట్రల్ కళాశాలలో ఎల్. గోమతీదేవి బృందం కూడా ఇతర మూలకాలు చేర్చిన టైటానియం పొడులతో రంగులను విరగ్గొట్టే పరిశోధనలు చేసింది. గిరిధర్ మద్రాస్‌కు 2009లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

ఒక హెచ్చరిక ఇక్కడనే చెప్పుకోవాలి. రంగు నీరు తేటపడడం చూడముచ్చటగా ఉంటుంది. కాని రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్లు కాదు. రంగునిచ్చే బంధం ఒక్కటి తెగితే చాలు నీరు తెల్లబడుతుంది. ముక్కలు మాత్రం నీటిలోనే ఉంటాయి. ఆ ముక్కలలో కొన్ని మొదటి పదార్థం కంటె హానికరమైనవి కావచ్చు. నీటిలో మిగిలిన మొత్తం కర్బనాన్ని కొలిచి, అది తగ్గిందని చూపినప్పుడే పని పూర్తయినట్లు. పరిశ్రమ గుమ్మంలో రెండు గాజు సీసాలు పక్కపక్కన పెట్టి చూపించే ప్రదర్శనలను ఈ దృష్టితో చూడవలసి ఉన్నది.

మడ్డి దగ్గర వెలుగుకు అడ్డుగోడ

ఇంతవరకు చెప్పినదంతా నీటి సంగతి. మడ్డి వేరు. మొదటి కష్టం కళ్ళకు కనిపించేదే. మడ్డి నల్లగా, చిక్కగా ఉంటుంది. దాని మీద పడిన వెలుతురు ఒక మిల్లీమీటరు లోతుకు కూడా దిగదు. వెలుగు చేరని చోట ఉత్ప్రేరకం మామూలు సుద్దపొడితో సమానం. ఎండలో ఆరబెట్టిన మడ్డికి తెల్ల పొడి కలిపితే పైపొరలోని విషం విరగవచ్చు, కింద ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. వడియాలు తిరగేసినట్లు రోజూ తిరగేస్తూ పోతే కొంత మేలే గాని లారీల లెక్కన వచ్చే మడ్డికి అది జరిగే పని కాదు.

రెండవ కష్టం రాడికల్ స్వభావం. దానికి తనవారు పరవారు అనే తేడా లేదు. ఎదురైనదానిని కొడుతుంది. మడ్డిలో హానిలేని కర్బనం, కుళ్ళిన ఆకు, చచ్చిన సూక్ష్మజీవుల దేహాలు కుప్పలుగా ఉంటాయి. విషం అందులో పిడికెడు. రాడికళ్ళలో అధికభాగం ఆ కుప్ప మీదనే ఖర్చవుతుంది. నీటిలోని బైకార్బొనేటు కూడా రాడికళ్ళను మింగుతుంది. కోలారు, అనంతపురం ప్రాంతపు బోరు నీరు ఎంత గడుసుదో, పాత్రల అడుగున ఎంత తెల్లపొర కట్టిస్తుందో ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు. అటువంటి నీటితో మడ్డిని పలుచన చేస్తే ఉత్ప్రేరకం పని మరింత కుంటుపడుతుంది.

అందువల్ల పరిశోధకులు మడ్డి మీద నేరుగా దాడి చేయడం మాని చుట్టుదారి పట్టారు. మురికి బట్టను సబ్బుతో జాడించినట్లు మడ్డిని సబ్బు జాతి ద్రావణాలతో కడిగి, అంటుకొన్న విషాలను నీటిలోకి దింపుతారు. ఆ కడిగిన నీటిని వడగట్టి తేటపరచి దాని మీద ఉత్ప్రేరకాన్ని, వెలుతురును ప్రయోగిస్తారు. సబ్బు కూడా కర్బన పదార్థమే కాబట్టి రాడికళ్ళలో కొంత దానికే సరిపోతుంది. అయినా దారి ఉన్నది. మరొక పద్ధతిలో పలుచని మడ్డికి కొద్దిసేపు మాత్రమే ఈ చికిత్స చేసి, సూక్ష్మజీవుల గట్టి పొరలను పగులగొట్టి, తరువాత గోబరు గ్యాసు తొట్టి వంటి మూత తొట్టిలో మురగబెడతారు. అప్పుడు మడ్డి తొందరగా జీర్ణమై గ్యాసు ఎక్కువగా వస్తుంది.

మూడవది అన్నిటికంటె పెద్ద పరిమితి. లోహాలను ఏ వెలుగూ విరగ్గొట్టలేదు. సీసం సీసంగానే, కాడ్మియం కాడ్మియంగానే ఉంటుంది. పీణ్యలో లోహపు పూత పనుల వలన భూగర్భజలంలో ఆరు విలువల క్రోమియం చేరడం అధికారిక పరిశీలనలలో నమోదైన విషయం. ఈ క్రోమియంను ఉత్ప్రేరకపు ఎలక్ట్రాను మూడు విలువల రూపానికి మార్చగలదు. ఆ రూపం విషంలో చాలా తక్కువది, నీటిలో అంతగా కరగదు. అయినా అది మడ్డిలోనే ఉండిపోతుంది. కర్బన విషాలు పూర్తిగా పోయిన మడ్డి కూడా లోహాలు ఉంటే పొలానికి తగదు.

ఉత్ప్రేరకపు పొడి సంగతి కూడా ఆలోచించవలసినదే. నానోమీటర్ల రేణువులను నీటి నుండి తిరిగి పట్టడం కష్టం. పట్టలేకపోతే అవి కూడా చివరకు మడ్డిలోకే చేరతాయి. ఇదే తెల్ల పొడిని తినుబండారాలలో వాడడాన్ని ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. అందువల్ల గాజు పలకల మీద, గుళికల మీద పొడిని గట్టిగా పూతపూసి, వాటిమీదుగా నీటిని పారించే ఏర్పాట్లు ఎక్కువ మన్నికైనవి. పూత వేస్తే పొడి ఉపరితలం తగ్గి వేగం మందగిస్తుంది.

డబ్బాలు కడిగిన నీరు

ప్రయోగశాల దాటి ఈ పద్ధతి నిజంగా పనిచేసిన చోటు చూడాలంటే స్పెయిన్ దేశానికి పోవాలి. అక్కడి అల్మేరియా ప్రాంతం మన రాయలసీమ వలెనే ఎండకు పేరుపడ్డది, వానకు మొహం వాచినది. ప్లాస్టిక్ పందిళ్ళ కింద టమాటా, మిరప, దోస పండిస్తారు. పురుగుమందుల ఖాళీ డబ్బాలు గుట్టలుగా మిగులుతాయి. వాటిని తిరిగి వాడాలంటే కడగాలి, కడిగిన నీటిలో మందు మిగులుతుంది. అక్కడి సౌరశక్తి కేంద్రం శాస్త్రజ్ఞుల సహకారంతో 2004 ప్రాంతంలో ఈ నీటిని ఎండతో శుద్ధి చేసే కేంద్రం నెలకొన్నది. మెరిసే వంపు రేకుల మధ్య గాజు గొట్టాలు అమర్చి, నీటిని వాటిలో తిప్పుతారు.

అక్కడ వాడినది టైటానియం పొడి కాదు. దానికి దగ్గరి చుట్టం. 1894లో ఫెంటన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు ఇనుప లవణానికి హైడ్రోజన్ పెరాక్సైడు కలిపితే తీవ్రమైన చర్య జరుగుతుందని చూపాడు. దానికి ఎండ తోడైతే హైడ్రాక్సిల్ రాడికళ్ళు మరింత ధారాళంగా పుడతాయి. ఇది కనిపించే వెలుతురులో కొంతభాగాన్ని కూడా వాడుకుంటుంది. నీటిని బాగా పుల్లన చేయాలి, పని ముగిసిన తరువాత మళ్ళీ సమం చేయాలి. సమం చేసినప్పుడు ఇనుము తుప్పురంగు ముద్దగా అడుగుకు దిగుతుంది. మడ్డి పోగొట్టబోయి మరికొంత మడ్డి చేసుకోవడమన్నమాట. పరిమాణం తక్కువ, విషం లేనిది కాబట్టి సహించవచ్చు.

ఆ అనుభవం నేర్పిన మెళకువ మరొకటి ఉన్నది. విషాన్ని చివరిదాకా వెలుతురుతోనే విరగ్గొట్టాలని పట్టుబట్టితే ఖర్చు మోయలేనిది. సూక్ష్మజీవులు కొరకలేని గట్టి చక్రాలను వెలుతురుతో పగులగొట్టి, మెత్తబడిన ముక్కలను సూక్ష్మజీవులకు అప్పగించడం చవక. అక్కడ తక్కువ నీటిలో ఎక్కువ విషం ఉండటం కూడా కలిసివచ్చింది. నగరమంతటి మురుగులో కలిసి పలుచనైన తరువాత, మడ్డికి అంటుకొన్న తరువాత అదే విషాన్ని పట్టడం చాలా కష్టమయ్యేది. అద్దకపు షెడ్డు తొట్టిలో వెయ్యి లీటర్లుగా ఉన్నప్పుడు చేయగలిగిన పని, బెళ్ళందూరు చెరువడుగున చేయగలిగిన పని కాదు.

ఈ కారణంగా బెంగళూరు కర్మాగారాల మడ్డి నేటికీ వెలుతురు వైపు పోవడం లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అటువంటి మడ్డిని కర్మాగారంలో 90 రోజులకు మించి నిలువ ఉంచరాదు. అనుమతి పొందిన కేంద్రానికే తరలించాలి. బెంగళూరు పరిసరాలకు దాబస్‌పేట దగ్గర అటువంటి కేంద్రం ఉన్నది. అక్కడ అడుగున పొరలు పరచిన గుంతలలో పూడ్చుతారు. మండే గుణమున్న మడ్డిని సిమెంటు బట్టీలకు పంపి, 1,400 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చివేయడం మరొక మార్గం. ఖర్చు ఉన్నా ఈ రెండూ తెలిసిన దారులు. కాంతి ఉత్ప్రేరణ వీటి స్థానం ఆక్రమించేది కాదు. విషం మడ్డికి చేరకముందే, కర్మాగారపు తొట్టిలో ఉండగానే దానిని అడ్డగించడంలోనే దాని ఉపయోగం. పరిశ్రమలు ఆ ఖర్చు పెట్టవలసిన అవసరం కనిపించేదాకా ప్రయోగశాలల ఫలితాలు ప్రయోగశాలల్లోనే ఉంటాయి. ఆ అవసరం కల్పించవలసినది కాలుష్య నియంత్రణ మండళ్ళు.

పొలం గట్టు దగ్గర

ఎల్లకు ఇరువైపులా సేద్యం టమాటా, మల్బరీల మీద నడుస్తున్నది. పట్టుపురుగు ఎంత సుకుమారమో పెంచే ఇంటివారికి తెలుసు. పక్క చేనులో కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడినా పురుగు మేత మానేస్తుంది, చంద్రికలు ఖాళీగా మిగులుతాయి. మనిషికి ఏళ్ళు గడచినా తెలియని తేడా పురుగుకు ఒక పూటలో తెలుస్తుంది. తెలియని మడ్డిని మల్బరీ తోటకు వేయడం ఆ రీత్యా పెద్ద సాహసం.

వాన నీటితో నిండే చెరువు మట్టిని తోలుకోవడానికి భయపడవలసిన పని లేదు. నగరపు శుద్ధి నీరు చేరే చెరువు మట్టి విషయంలో, నగరం నుండి ఎరువు పేరుతో వచ్చే మడ్డి విషయంలో విచారించి గాని ముందుకు పోరాదు. రైతులకు ప్రభుత్వమిచ్చే భూసార పత్రంలో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాషు, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. ఈ పన్నెండింటిలో క్లోరోఫినాలు లేదు, సీసం లేదు, క్రోమియం లేదు. పైగా మడ్డి వేసిన పొలానికి సేంద్రియ కర్బనం అంకె పెరిగి పత్రం మరింత మెరుగ్గా కనిపిస్తుంది. ఆ కర్బనం ఆకుదా అద్దకపు రంగుదా అన్నది ఆ పరీక్ష చెప్పదు. లోహాలను, కర్బన విషాలను విడిగా కొలవాలంటే అందుకు తగిన పరికరాలున్న ప్రయోగశాలకు నమూనా పంపాలి. ఒక ఇంటివారికి అది భారమే. చెరువు మొత్తానికి పంచాయతీ తరఫున ఒకసారి చేయిస్తే ఊరందరికీ పనికివస్తుంది.

కర్మాగారపు మడ్డి లారీ కదిలినప్పుడు దానితోపాటు రవాణా పత్రం ఉండి తీరాలని నియమం. ఎక్కడ బయలుదేరినది, ఏమి మోస్తున్నది, ఎక్కడికి పోతున్నది అందులో రాసి ఉంటుంది. ఊరి పొలిమేరలోని పాత క్వారీ గుంత దగ్గరనో, వంక ఒడ్డుననో నల్లని ముద్ద దించే లారీ దగ్గర ఆ పత్రం ఉండదు, ఉన్నా అందులో ఆ ఊరి పేరు ఉండదు. బండి నంబరు, దించిన చోటు ఫొటో, తేదీ, వేళ రాసిపెట్టుకొని తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. మడ్డిని చేతితో ముట్టరాదు. పశువులను అటు పోనీయరాదు. వాన పడితే ఆ ముద్ద కరిగి వంకలోకి దిగుతుంది కాబట్టి ఫిర్యాదు మొదటి వానకు ముందే చేరాలి.